లెస్లీ కారన్ రెండోసారి నేర్చుకున్న విద్య

పోయిన కార్తీక మాసంలో కాకినాడలో మా మేనకోడలి రంగప్రవేశం జరిగింది. తొమ్మిదేళ్లు కూచిపూడి నేర్చుకున్న పిల్ల, రెండు గంటలకు పైగా వేదిక మీద ఉండి, తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు మోపి నడిచి, మంగళం ముగిసేసరికి చెమటతో తడిసి ముద్దయింది. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి శాలువా కప్పి, మైకు అందుకుని, ఈ అమ్మాయిది కెమెరాకు సరిపోయే ముఖమనీ, ఏ దర్శకుడి కంటనైనా పడితే ఎక్కడికో వెళ్లిపోతుందనీ అన్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది. మా వదిన కళ్లు తుడుచుకుంది. నట్టువాంగం చేసిన గురువుగారు మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆవిడ తాళాలను ఒక పాత గుడ్డలో చుట్టి, నెమ్మదిగా సంచిలో పెట్టుకున్నారు.

ఆ పెద్దమనిషి మనస్ఫూర్తిగా ఆశీర్వదించారు, అందులో నాకు అనుమానం లేదు. అయినా తొమ్మిదేళ్ల సాధన ఒక కొలిక్కి వచ్చిన రోజున, ఆ సాధన గురించి ఒక్క మాటైనా లేకుండా, దాన్ని ఇంకో ఊరికి చేర్చే బండిలాగా చూసిన ఆ ఆశీర్వాదం నన్ను చాలా రోజులు వదలలేదు. అది సరిగ్గా నేనూ మా మేనకోడలూ ఫ్రెంచి నటి లెస్లీ కారన్ సినిమాలు వరుసగా చూస్తున్న సమయం. ‘యాన్ అమెరికన్ ఇన్ పారిస్’లోని నృత్య దృశ్యం ఒకటి ఎక్కడో చూసి, మొత్తం సినిమా చూద్దామని పట్టుబట్టింది మా మేనకోడలే. ఒకటి చూశాక ఇంకొకటి, అలా కార్తీకం దాటి మార్గశిరం దాకా చూస్తూనే ఉన్నాం.

ఆమె గురించి ఎక్కడ చదివినా మొదటి వాక్యం ఇంచుమించు ఒక్కటే. పారిస్‌లో బాలే అనే యూరప్ శాస్త్రీయ నాట్యం చేస్తున్న అమ్మాయిని అమెరికన్ నటుడు జీన్ కెల్లీ చూశాడు, హాలీవుడ్‌కు రప్పించాడు, ఆమె తార అయింది. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఈ కథ ఆమె వృత్తి జీవితంలో అన్నిటికంటే విలువైన రెండు భాగాలను మింగేస్తోందని నాకు అనిపిస్తుంది. మొదటిది కెల్లీ చూడకముందు ఆమె పడిన శ్రమ. రెండోది తార అయిపోయిన తర్వాత, మళ్లీ విద్యార్థిగా మారి పడిన శ్రమ. ఆమెను నటిని చేసింది ఈ రెండోదే అని నా నమ్మకం. అంత మాట ఎందుకు అంటున్నానో, ఎక్కడెక్కడ నాకే సందేహాలున్నాయో కొంత వివరంగా రాయాలని ఉంది.

కంట పడక ముందు

కారన్ 1931 జూలై 1న పారిస్ పక్కనే ఉన్న బూలోన్యలో పుట్టింది. తండ్రి ఫ్రెంచి ఫార్మసిస్టు, తల్లి మార్గరెట్ పెటీ అమెరికన్. తల్లి స్వయంగా నర్తకి. కూతురినీ నర్తకిని చేయాలని ఆవిడే నిర్ణయించుకుంది. ఆ సంగతి విని తాతగారు హడలిపోయారనీ, పిల్లను వేశ్యను చేస్తావా అని తల్లిని నిలదీశారనీ కారన్ పెద్దయ్యాక చెప్పుకుంది. ఆ మాట తనను జీవితాంతం వెంటాడిందని కూడా అంది.

ఇది చదివినప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చింది. మా అత్తయ్య చిన్నప్పుడు నాట్యం నేర్చుకుంటానంటే, మనింటి ఆడపిల్ల కాలికి గజ్జె కట్టడమేమిటని నాయనమ్మ రెండు రోజులు అన్నం మానేసిందట. తూర్పుగోదావరి జిల్లాలో, నాట్యమే కులవృత్తిగా ఉన్న కళావంతుల కుటుంబాలను సమాజం ఎలా చూసిందో తెలిసిన వాళ్లకు ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో విడమరచి చెప్పనక్కర్లేదు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ పద్ధతిని నిషేధించిన చట్టం వచ్చాక కూడా ఆ భయం ఇళ్లలోంచి పోలేదు. పారిస్‌లోనూ అలాంటి చరిత్రే ఉంది. 19వ శతాబ్దంలో ఒపెరా భవనంలో నర్తకులు ఒళ్లు సవరించుకునే గదిలోకి ధనికులైన చందాదారులు దర్జాగా వచ్చి కూర్చునేవారు. పేదింటి నుంచి వచ్చిన బాల నర్తకులకు వాళ్ల దయే ఆధారంగా ఉండేది. కారన్ తాతగారి నోట వచ్చిన మాట ఆ గదిలో పుట్టిన మాట. నాట్యాన్ని సాధించాలంటే ఆడపిల్ల ముందు ఇంటి గడప దగ్గరే ఒక యుద్ధం గెలవాలన్నది రెండు దేశాల్లోనూ నిజమే.

తర్వాత అసలు యుద్ధమే వచ్చింది. పారిస్ జర్మన్ల ఆక్రమణలోకి వెళ్లినప్పుడు ఆమెకు ఇంకా తొమ్మిదేళ్లు నిండలేదు, విముక్తి నాటికి పదమూడు. ఎముక గట్టిపడి, కండ కుదిరే వయసంతా అరకొర తిండితో గడిచింది. అదే కాలంలో హాలండ్‌లోని ఆర్నెమ్‌లో ఆడ్రీ హెప్బర్న్ అనే ఇంకో బాలే విద్యార్థిని ఇంతకంటే ఘోరమైన ఆకలి చూసింది. ఆ ఆకలి చేసిన నష్టం వల్లనే, పొడవు వల్లనూ, మొదటి శ్రేణి నర్తకి కాలేవని ఆమెకు లండన్‌లో చెప్పారు. తర్వాత 1951లో న్యూయార్క్ నాటకరంగం మీద ‘జీజీ’ పాత్ర వేసింది హెప్బర్న్. 1958లో అదే పాత్రను తెర మీద వేసింది కారన్. యుద్ధంలో ఆకలితో పెరిగిన ఇద్దరు బాలే పిల్లలు ఒకే పాత్రలోకి నడిచి రావడం నన్ను ఎప్పుడూ కదిలించే విషయం.

కారన్ పారిస్ కన్సర్వత్వార్ అనే కళా విద్యాలయంలో చదివి, పదహారేళ్లకే రోలాన్ పెటీ నడిపే షాంజెలీజే బాలే బృందంలో చేరింది. 1948లో ఆ బృందం డేవిడ్ లిషీన్ కూర్చిన ‘లా రాంకాంత్ర్’ ప్రదర్శించినప్పుడు గ్రీకు పురాణంలోని ఈడిపస్‌గా జాన్ బాబిలే, అతణ్ణి ప్రశ్నలడిగే స్ఫింక్స్‌గా పదిహేడేళ్ల కారన్. బాబిలే అప్పటికి యూరప్‌లో పేరుమోసిన నర్తకుడు. అతని ఎదుట నిలబడి, మనిషిని మింగే పౌరాణిక జీవి పాత్రను నడపటమంటే బృందం ఆమెను ఏ స్థాయిలో చూసిందో అర్థం చేసుకోవచ్చు. కెల్లీ చూసింది ఈ ప్రదర్శనే. అంటే అతని కంట పడినది ఏ వీధిలోనో నడిచిపోతున్న అమ్మాయి కాదు. ఒక తల్లి పట్టుదల, ఒక విద్యాలయం, ఒక బృందం, ఒక నాట్యకర్త కలిసి అప్పటికే తయారుచేసిన కళాకారిణిని అతను చూశాడు. చూసినవాడు కూడా నర్తకుడే. ఈ మాటకు మళ్లీ వస్తాను.

మాట లేని విద్య

హాలీవుడ్‌లో ఆమె మొదటి రోజుల గురించి ప్రచారంలో ఉన్న సంఘటన ఒకటి ఉంది. షూటింగుకు ముందు ఆమె తన జుట్టును తానే మగపిల్లాడిలా పొట్టిగా కత్తిరించేసుకుంది. పారిస్ నాట్య లోకంలో అప్పుడు అది కొత్త పోకడ. స్టూడియో వాళ్లు గగ్గోలు పెట్టి, జుట్టు పెరిగేదాకా ఆమె దృశ్యాలను వాయిదా వేశారు. దీన్ని అందరూ సరదా కబురుగా చెబుతారు. నాకు అందులో సరదా కనిపించదు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల అమ్మాయి తన ఒంటి మీద తనకున్న హక్కు పారిస్‌లో ఉన్నట్టే ఇక్కడా ఉంటుందనుకుంది. లేదని ఆ రోజు తెలిసింది.

ఆ సినిమా, ‘యాన్ అమెరికన్ ఇన్ పారిస్’లో గెర్ష్విన్ సంగీతానికి పదిహేడు నిమిషాల బాలే ఉంది. డ్యూఫీ, యుట్రిలో, వాన్‌గో, తులూజ్ లోత్రెక్ వంటి చిత్రకారుల బొమ్మల్లోంచి లేచివచ్చినట్టున్న సెట్ల మధ్య కెల్లీ, కారన్ ఆడతారు. యుద్ధకాలపు తిండిలేమి ఒంట్లో మిగిల్చిన నీరసం వల్ల ఆమె రోజు విడిచి రోజు విశ్రాంతి తీసుకుంటూ ఆ పని పూర్తిచేసింది. తెర మీద ఆ నీరసం ఆనవాలు కూడా కనబడదు.

కానీ అదే సినిమాలో ఆమె మాట్లాడే దృశ్యాలను శ్రద్ధగా చూడండి. మా మేనకోడలే ముందు పట్టుకుంది. “అత్తా, ఆడేటప్పుడు ఉన్న మనిషి మాట్లాడేటప్పుడు లేదేంటి?” అని అడిగింది. నిజమే. నది ఒడ్డున కెల్లీతో మాట్లాడేటప్పుడు ఆమె చేతులు ఏం చేయాలో తెలియక ఆగిపోతాయి. వాక్యం చివర గొంతు పడిపోతుంది. సంగీతం మొదలవగానే ఆ చేతులే బతికిపోతాయి.

అభినయానికి ఒంటి కదలిక అయిన ఆంగికం, మాట అయిన వాచికం, వేషమైన ఆహార్యం, భావమైన సాత్వికం అని నాలుగు అంగాలు చెప్పుకునే సంప్రదాయంలో పెరిగిన మనకు ఈ తేడా ఎక్కడుందో వెంటనే తెలియాలి. బాలే నర్తకికి ఎనిమిదేళ్ల వయసు నుంచి గోడ పక్కన కర్ర పట్టుకుని రోజూ నేర్పేదంతా ఆంగికమే. తుంటి నుంచి కాళ్లు బయటికి తిప్పడం, మునివేళ్ల మీద లేవడం, లేచి నిశ్శబ్దంగా దిగడం, ఎదుటివాడి ఊపిరిని బట్టి ఎగరడం. వాచికానికి అక్కడ చోటే లేదు. ఒక్క మాట మాట్లాడకుండా ఒక జీవితకాలం వేదిక మీద గడిపి గొప్ప నర్తకి అనిపించుకోవచ్చు. కూచిపూడి పుట్టుకలో అలాంటిది కాదు. భామాకలాపంలో సత్యభామ ఆడుతుంది, పాడుతుంది, చెలికత్తె మాధవితో మాటకు మాట చెబుతుంది. నర్తకి నటిగా మారడం అనే పదబంధం ఆ భామాకలాపం రాసిన సిద్ధేంద్ర యోగికి అర్థమై ఉండేది కాదేమో. అందుకే కారన్ దాటిన దూరం మనకు మొదట చిన్నదిగా అనిపిస్తుంది. అది చిన్నది కాదు. తల్లి అమెరికన్ అయినా ఆమె పెరిగింది ఫ్రెంచిలో. అభ్యాసం లేని విద్యను, తనది కాని భాషలో, ప్రపంచమంతా చూస్తుండగా నేర్చుకోవాల్సి వచ్చింది.

కుంటి నర్తకుడి బొమ్మలు

1953లో వచ్చిన ‘లిలీ’ దగ్గర నేను కొంచెం ఆగాలి. నాకు ఆమె సినిమాల్లో అత్యంత ఇష్టమైనది అది. అనాథ పిల్ల ఒక తిరునాళ్ల బృందంలో చేరి, తోలుబొమ్మల్లాంటి చేతిబొమ్మలతో స్నేహం చేస్తుంది. బొమ్మల వెనక ఉన్న మనిషి, మెల్ ఫెర్రర్ వేసిన పాత్ర, ఒకప్పటి నర్తకుడు. యుద్ధంలో కాలు పోగొట్టుకోకపోయినా కుంటివాడయ్యాడు. ఇక ఆడలేనన్న కోపంతో మనుషులతో సరిగ్గా మాట్లాడలేడు. బొమ్మల నోటితో అయితే ఎంత మెత్తగానైనా మాట్లాడతాడు.

ఆ పిల్ల బొమ్మలతో మాట్లాడే దృశ్యాలు చూస్తే, కారన్‌కు నాట్యం నిజంగా ఇచ్చినదేమిటో తెలుస్తుంది. ఆమె వింటుంది. ఎదురుగా ఉన్నది ఒక గుడ్డ బొమ్మ. దానికి ప్రాణం ఉందని ప్రేక్షకుడు నమ్మాలంటే బొమ్మ ఆడించేవాడి నైపుణ్యం ఒక్కటే చాలదు, వినేవాళ్ల మెడ, భుజాలు, రెప్పలు దాన్ని నమ్మాలి. జంట నృత్యంలో ఎదుటి మనిషి బరువును క్షణం ముందే పసిగట్టే అలవాటు ఆమెకు ఇక్కడ పనికొచ్చిందని నేననుకుంటాను. ఆ పాత్రకు ఆమె ఆస్కార్ పోటీలో నిలిచింది; బ్రిటిష్ అకాడమీ ఉత్తమ విదేశీ నటి బహుమతి ఇచ్చింది. అయినా ఇక్కడ కూడా మాటలు తక్కువ. పదహారేళ్ల అమాయకురాలు కాబట్టి తడబాటు పాత్రకు సరిపోయింది. స్టూడియో ఆ తడబాటునే సొమ్ము చేసుకుని, తర్వాత కొన్నేళ్లు ఆమెకు అమాయక బాలికల పాత్రలే ఇచ్చింది. 1955లో ఒకే ఏడాది ఫ్రెడ్ అస్టేర్ పక్కన అనాథ, ఇంకో సినిమాలో సిండరెల్లా. రెండింటికీ రోలాన్ పెటీయే వచ్చి నాట్యం కూర్చాడు. గురువు వచ్చాడు, నాట్యం వచ్చింది, ఆమె మాత్రం ఇరవై నాలుగేళ్లకు కూడా చిన్నపిల్లగానే మిగిలింది.

షియరర్ చెప్పిన ఎదురు సాక్ష్యం

సినిమా నాట్యాన్ని మింగేస్తుందా అనే ప్రశ్నకు నేను సులువుగా అవునని చెప్పేసేదాన్ని, మోయిరా షియరర్ గురించి చదివి ఉండకపోతే. ఆవిడ సాక్ష్యం కూడా అవుననే చెబుతుంది. కానీ నేను ఊహించిన కారణం చేత కాదు. స్కాట్లండ్‌లోని డన్‌ఫర్మ్‌లిన్‌లో పుట్టిన షియరర్, లండన్‌లోని సాడ్లర్స్ వెల్స్ బాలే బృందంలో నర్తకి. 1948 నాటి ‘ద రెడ్ షూస్’లో ప్రధాన పాత్ర ఇస్తామంటే చాలా కాలం ఒప్పుకోలేదు. చివరికి చేసింది, ప్రపంచ ప్రసిద్ధి పొందింది, అయినా బృందానికే తిరిగి వెళ్లింది. ఆ ఏడాది డిసెంబరులోనే, గాయపడ్డ ప్రధాన నర్తకి మార్గో ఫాంటేన్ స్థానంలో, నాట్యకర్త ఆష్టన్ కూర్చిన ‘సిండరెల్లా’ బాలేలో తొలి సిండరెల్లా ఆవిడే. అంటే విద్య ఎక్కడికీ పోలేదు, ఒళ్లూ పాడవలేదు. చెడినది నాట్య లోకానికి ఆవిడ మీద ఉన్న నమ్మకం. ఆ సినిమా తన బాలే జీవితాన్ని చెడగొట్టిందనీ, ఆ తర్వాత తనను ఎవరూ పూర్తిగా నమ్మలేదనీ ఆవిడ తర్వాతి కాలంలో బాధపడింది.

1953లో వచ్చిన ఒక మూడు కథల సినిమాలో షియరర్, కారన్ ఇద్దరూ ఉన్నారు, వేరువేరు కథల్లో. షియరర్‌ది గుండెజబ్బున్న నర్తకి పాత్ర. ఆడితే చచ్చిపోతుందని తెలిసి ఆడుతుంది. కారన్‌ది ఒక పిల్లవాడికి చదువు చెప్పే ఉపాధ్యాయిని పాత్ర, ఆడదు. ఇద్దరి భవిష్యత్తూ ఆ ఒక్క సినిమాలో పక్కపక్కన రాసిపెట్టినట్టు నాకు తోచింది. షియరర్ ఆ ఏడాదే బాలే నుంచి విరమించుకుంది. నర్తకి ముద్ర ఆవిడను సినిమాల్లోనూ వదలలేదు. కారన్ మాత్రం నర్తకి కాని పాత్రల కోసం వెతుక్కుంటూ వెళ్లింది.

మగవాళ్ల సంగతి వేరు. బాలే నర్తకుడు మిఖాయిల్ బరిష్నికోవ్ 1974లో టొరంటోలో సోవియట్ బృందాన్ని వదిలి వచ్చి, 1977లో ‘ద టర్నింగ్ పాయింట్’తో ఆస్కార్ పోటీదాకా వెళ్లాడు, నాట్యం ఆపలేదు, 1980 నుంచి ఒక పెద్ద అమెరికన్ బృందానికి సారథ్యం కూడా వహించాడు. సినిమా చేశాడని నాట్య లోకం అతణ్ణి తక్కువగా చూడలేదు. అతని స్థాయి అసాధారణం కాబట్టి అలా జరిగిందని వాదించవచ్చు. అది కొంత నిజమే, కానీ షియరర్‌ది తక్కువ స్థాయి అని నేను ఒప్పుకోలేను.

రెండో శిష్యరికం

ఇక నేను ముఖ్యమనుకునే భాగం. 1955 తర్వాత కారన్ చేసిన పనులను వరుసగా చూస్తే వాటి వెనక ఒక ఉద్దేశం కనబడుతుంది. ఆ ఏడాది పారిస్‌లో సినిమా దర్శకుడు జాన్ రెన్వార్ తన కోసమే రాసిన ‘ఓర్వే’ నాటకంలో నటించింది. 1956లో లండన్‌లో పీటర్ హాల్ దర్శకత్వంలో ‘జీజీ’ నాటకం వేసింది. అతణ్ణే పెళ్లి చేసుకుంది. 1961లో రాయల్ షేక్స్‌పియర్ కంపెనీకి ‘ఓండీన్’ నాటకం చేసింది. అప్పటికే పెద్ద తార అయిన మనిషి, రోజూ రాత్రి కొన్ని వందల మంది ఎదుట, మైకు సాయం లేకుండా, తనది కాని భాషలో వెనక వరుసకు మాట వినబడేలా పలకటానికి ఒప్పుకుంది. ఇది పేరు కోసం చేసే పని కాదు. పేరు అప్పటికే ఉంది.

మధ్యలో 1958 నాటి ‘జీజీ’ సినిమా. తొమ్మిది ఆస్కార్లు వచ్చాయి, అందులో ఆమెకు పోటీలో చోటు కూడా దక్కలేదు. ఆమె పాటలను బెట్టీ వాండ్ అనే గాయనితో పాడించారు. నేపథ్య గానం మనకు గౌరవమైన వృత్తి. ఘంటసాల పేరు, సుశీల పేరు తెర మీద పడితేనే సినిమాకు నిండుదనం. అక్కడ అలా కాదు, వాండ్ పేరు వేయలేదు. దాని వల్ల ఇద్దరికీ అన్యాయం జరిగింది. పాడిన మనిషికి పేరు రాలేదు. వాచికాన్ని సాధించడానికి అన్నేళ్లు కష్టపడుతున్న నటికి, నీ గొంతు చాలదన్న సమాధానం వచ్చింది.

1962లో బ్రయన్ ఫోర్బ్స్ తీసిన ‘ది ఎల్ షేప్డ్ రూమ్’ ఆ మాటకు ఆమె ఇచ్చిన జవాబులా ఉంటుంది. పెళ్లి కాకుండా గర్భవతి అయిన ఫ్రెంచి యువతి లండన్‌లో ఒక పాత ఇంటి మేడ మీద, నల్లులు పట్టిన పరుపున్న ఇరుకు గదిలో అద్దెకు దిగుతుంది. ఒక డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన ఆమె ఏం కోరి వచ్చిందో తానే ఊహించేసుకుని మాట్లాడతాడు. బ్రిటన్‌లో అప్పటికి గర్భస్రావం చట్టసమ్మతం కాదు. డబ్బున్న వాళ్లకు మాత్రం దారులుండేవి. ఆ దృశ్యంలో కారన్ కుర్చీలో కూర్చుని ఉంటుంది. దాదాపు కదలదు. డాక్టరు మాట్లాడుతున్నకొద్దీ ఆమె వెన్ను నిటారుగా అవుతుంది, అంతే. తర్వాత వచ్చే మాటల్లో కోపం ఉంది, అవమానం ఉంది, బిడ్డను ఉంచుకోవాలన్న నిర్ణయం అప్పుడే పుట్టుకొస్తున్న ఆశ్చర్యం ఉంది. పదకొండేళ్ల క్రితం నది ఒడ్డున వాక్యం చివర పడిపోయిన గొంతు ఇది అంటే నమ్మలేం. దానికి బ్రిటిష్ అకాడమీ బహుమతి, గోల్డెన్ గ్లోబ్ వచ్చాయి. ఆస్కార్ పోటీలో రెండోసారి నిలిచింది.

ఈ సినిమాలో నాట్యం లేదని రాసేవాళ్లున్నారు. నాట్యం ఆ వెన్నులో ఉంది. మాట మాత్రం నాట్యం ఇచ్చినది కాదు, పారిస్, లండన్ నాటక వేదికల మీద విడిగా సంపాదించుకున్నది. ఆమెను కనిపెట్టారనే కథలో ఈ సంపాదనకు చోటు లేదు. అందుకే ఆ కథ మీద నాకు అభ్యంతరం.

నా సందేహాలు

ఇంతా రాశాక, ముఖ్య అతిథి మాటను తప్పుపట్టే హక్కు నాకుందా అని నన్ను నేను అడుగుతున్నాను. శాస్త్రీయ కళల వాళ్లకు సినిమా అంటే ఉండే పాత చులకన నాలోనూ ఉందేమో. ‘రోజులు మారాయి’ సినిమాలో 1955లో ఏరువాక పాటకు ఆడిన వహీదా రెహమాన్ ఆ ఒక్క పాటతో హిందీ సినిమా దర్శకుడు గురుదత్ కంట పడింది. రెండేళ్లలో ‘ప్యాసా’లో ఉంది. భరతనాట్యం నేర్చిన ఆ అమ్మాయి ఎక్కడికో వెళ్లిపోయిన మాట అక్షరాలా నిజం, అదీ మన తెలుగు పాటతో. అలాంటి ఉదాహరణ కళ్ల ముందుండగా ఆ పెద్దమనిషి ఆశను ఎలా కాదంటాను?

కాదనను. అయితే గురుదత్ స్వయంగా అల్మోరాలో ఉదయశంకర్ దగ్గర నాట్యం నేర్చుకున్నవాడు. కారన్‌ను చూసిన కెల్లీ జీవితమంతా నర్తకుడే. ఈ ఇద్దరూ చూసినది కెమెరాకు సరిపోయే ముఖాన్ని మాత్రమే అని నేననుకోను. కాలు నేల మీద ఎలా పడుతోందో, చూపు చేతిని ఎలా అనుసరిస్తోందో తెలిసిన కళ్లు అవి. సాధనను సాధన చేసినవాళ్లు గుర్తుపట్టారు. ముఖ్య అతిథి చెప్పిన దర్శకుడి కన్ను అలాంటిదే అయితే నాకు పేచీ లేదు.

ఇంకో ఉదాహరణ నా వాదాన్ని ఇంకోవైపు లాగుతుంది. ‘శంకరాభరణం’లో తులసి పాత్ర వేసిన మంజుభార్గవి వెంపటి చినసత్యం గారి శిష్యురాలు. ఆ పాత్రకు మాటలు చాలా తక్కువ. చూపుతో, చేతులు జోడించి నిలబడిన తీరుతో పాత్ర మొత్తం నిలబెట్టింది. వాచికం లేకుండానే గొప్ప నటన సాధ్యమని ఆవిడ రుజువు చేశారు కదా, మరి కారన్ పదేళ్లు మాట కోసం ఎందుకు పాకులాడాలి? నాకు దొరికిన సమాధానం ఒక్కటే, అది పూర్తి సమాధానమూ కాదు. అలాంటి పాత్ర ఒక కళాకారిణికి జీవితంలో ఒకసారి దొరుకుతుంది, దర్శకుడు విశ్వనాథ్ లాంటివాడైతే. రెండోసారి దొరకనప్పుడు, మళ్లీ నాట్యంలోకే వెళ్లే దారి ఉండాలి, లేదా మాట ఉండాలి. పారిస్ ఒపెరాలో నర్తకులు నలభై రెండేళ్లకు విరమించుకోవాలి. కారన్ 2007లో, డెబ్బై ఆరేళ్ల వయసులో, ఒక అమెరికన్ టీవీ ధారావాహికలో అతిథి పాత్రకు ఎమ్మీ అందుకుంది. ఎన్నో దశాబ్దాల కిందట తన మీద జరిగిన అత్యాచారాన్ని వృద్ధాప్యంలో నోరు తెరిచి చెప్పే స్త్రీ పాత్ర అది. దానికి కావలసిందల్లా మాట.

ఎల్ షేప్డ్ రూమ్ చూసిన రాత్రి మా మేనకోడలు డాక్టరు దృశ్యాన్ని రెండోసారి పెట్టమంది. ఈసారి శబ్దం తీసేసి చూసింది. మూడోసారి బొమ్మ చూడకుండా, కళ్లు మూసుకుని విన్నది. ఏమీ అనలేదు. తర్వాత చాలాసేపటికి, తాను తొమ్మిదేళ్లలో వేదిక మీద ఒక్క మాట కూడా పలకలేదనీ, గాయని పాడుతుంటే పెదవులు కదిపిందే తప్ప తన గొంతు హాల్లో ఎవరూ వినలేదనీ అంది. కూచిపూడికి వాచికం ఉందని గర్వంగా రాసిన నేను ఆ మాటకు జవాబు చెప్పలేకపోయాను. ఈ కాలపు ఏకపాత్ర ప్రదర్శనల్లో ఆ అంగాన్ని మనమే వదిలేశాం.

సంక్రాంతి తర్వాత గురువుగారు ఆమెకు భామాకలాపం మొదలుపెట్టారు. గజ్జెలు ఇంకా కట్టనివ్వలేదు. సత్యభామ మాధవితో మాట్లాడే మాటలు ముందు నోటికి రావాలన్నారు. ఇది రాస్తుంటే మేడ మీద నుంచి వినబడుతోంది. ఒకే వాక్యం, ఇరవయ్యోసారో ఇరవై ఒకటోసారో. చివరి మాట దగ్గర గొంతు పడిపోతోంది. ఆగి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటోంది.